తిట్టమని అడిగిన మామ్మ

అరసవల్లి రోడ్డులో మా వీధిన పరుపులు కుట్టే మామ్మ ఒకరి ముందు తల వంచే మనిషి కాదు. నాకూ ఆమెకూ తొమ్మిదేళ్లుగా పడదు, కనబడితే తిట్టుకోవడమే. హజ్‌కి వెళ్లేవాళ్లు ముందుగా అందరినీ క్షమాపణ అడగాలట. ఈ ఏడు తనూ వెళ్తోంది, అందుకని ఇంటింటికీ తిరుగుతూ మా గుమ్మం కూడా ఎక్కింది.

“ఒలే, నానేటైనా అనుంటే మనసులో ఎట్టుకోకే” అంది. నేను ఏడ్చేశాను.

తీరా బయల్దేరే ముందురోజు, వీసా రాలేదని, ఆమె దగ్గర డబ్బు కట్టించుకున్న ట్రావెల్స్ వాడు ఫోన్ చేశాడు. తర్వాత మామ్మ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఓదారుద్దామని వెళ్తే మామ్మ కర్రతో దూదిని బాదుతోంది.

“నువ్వూ వచ్చినావేటి, అయ్యో పాపం అనడానికి? ఎల్లని మక్కాకి ఊరందరి కాళ్లట్టుకున్నాను. నా మాట నాకు ఎనక్కిచ్చెయ్యి.”

“అడిగేసిన మాట ఎనక్కెలా వస్తాది మామ్మా?”

“అయితే తిట్టు. ఇదివరకులాగే తిట్టే. ఈ జాలి సూపులు నాను పడలేను.”

ట్రావెల్స్ వాడి మీద నాకూ ఒళ్లు మండుతోంది. ఆ మంటంతా నోటికి తెచ్చుకుని మామ్మని తిట్టాను. ఆమె కర్ర పారేసి నా మీదకొచ్చింది. మా అరుపులకి వీధంతా తలుపులు తీసింది. ఆ పూట ఒక్కరు కూడా ఆమెని చూసి జాలిపడలేదు.