మా పావురాలను ఎత్తుకుపోయిన గ్రహాంతరవాసులు

మా చిన్నప్పుడు... పొద్దున లేవగానే డాబా ఎక్కి, గూటి తలుపు తీసి, పావురాలను లెక్కపెట్టడం నా డ్యూటీ. ఆ రోజు పద్నాలుగు ఉండాల్సినవి పన్నెండే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను... పన్నెండే!

శంషాబాద్ పక్కనే మా ఊరు. ఎయిర్‌పోర్టు కంచెకూ మా ఇంటికీ మధ్య నాలుగు బంతిపూల మళ్ళు, అంతే. మా బాపుకు పావురాలంటే ప్రాణం. ఆయన ఈల వేస్తే ఆకాశంలో తిరిగేవన్నీ బిలబిలమంటూ డాబా మీదికి దిగేవి. వాటిలో తెల్లటి మల్లి నాది. తల్లి వదిలేసిన పిల్ల... నానబెట్టిన జొన్నలు ఒక్కొక్కటే నోట్లో పెట్టి నేనే పెంచాను.

"పిల్లి ఎత్తుకపోయిందేమో బిడ్డా" అన్నాడు బాపు, నా మొహం చూడకుండా.

మా చిన్నాయన కూతురు స్వప్నక్క ఒప్పుకోలేదు. అక్కకు పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. మా వాడకట్టులో ఎవరి చెప్పు పోయినా, ఎవరి కోడి తప్పిపోయినా కనిపెట్టేది తనే. ఈ సంగతి తనే ఊరంతా చెప్పుకునేది కూడా! గూడంతా వెతికి, "ఈక లేదు, నెత్తురు లేదు. గడియ తీసి మళ్ల పెట్టే పిల్లి ఏడుంటదే?" అంది.

రెండు రోజులకు పది... ఇంకో రెండు రోజులకు ఎనిమిది! మల్లి ఇంకా ఉంది. కానీ ఎన్నాళ్ళు?

అంతలో పోయినవాటిలో ఒకటి తిరిగొచ్చి గూటి మీద వాలింది. దాని రెక్కకు ఎర్రదారం వేలాడుతోంది. అక్క కళ్ళు ఇంతింతయ్యాయి. "పరీక్షలు చేసి ఇడిసిపెట్టిన్రే!" అంది. మర్నాటికి అది కూడా మాయం.

అక్క అనుమానానికి కారణం ఉంది. అప్పటికి కొన్నాళ్ళుగా సాయంత్రం అయితే చాలు, కంచె అవతల ధడ్‌మని చప్పుడు. పొద్దుగూకే వేళ గడ్డి మీద ఒక పచ్చటి వెలుగు జరజరా పాకేది. కంచె పొడుగునా మెరిసే చొక్కాలవాళ్ళు తిరిగేవారు... చెవుల స్థానంలో గిన్నెలంత నల్లటి బుడిపెలు! మేమిద్దరం గుసగుసలాడుకుని తేల్చేశాం. మనుషులు కాదు. వేరే గ్రహం వాళ్ళే. విమానాల చాటున దిగి, ముందు పావురాలతో మొదలుపెట్టారు. ఇక మల్లి వంతు.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి సంచులు విసిరేసి, బంతి చెట్ల మధ్య బోర్లా పడుకున్నాం. అక్క చేతిలో నోటుబుక్కు, నా చేతిలో చీపురుకట్ట. ఇంతలో ధడ్! కొంగలన్నీ లేచాయి. పచ్చ వెలుగు గడ్డి మీద పాకి మా ఎదురుగా ఆగింది. దాని వెనకే మెరిసే చొక్కా ఆకారం ఒకటి కంచె దగ్గరికి వచ్చి, చెవుల మీది బుడిపెలు తీసేసింది!

"ఏయ్ పిల్లలూ! గాడ ఏం జేస్తున్రు? పాములుంటయ్, ఇంటికి పోండ్రి!"

గ్రహాంతరవాసికి తెలుగు వచ్చు... అదీ మా తెలుగే! నేను చీపురు వదిలేశాను. అక్క మాత్రం లేచి నిలబడి, "మా పావురాలను ఏడ పెట్టిన్రు?" అని గద్దించింది.

ఆయన పడీపడీ నవ్వాడు. "మేం పట్టం తల్లీ, గీ చప్పుడుతోని, గీ పచ్చ లైటుతోని బెదిరించి ఎళ్లగొడ్తమంతే. పిట్టలు ఇమానం ఇంజన్ల పడితే ప్రాణాలకే పరేషాన్. పావురాలు పెంచొద్దని మీ ఊర్లె ఇంటింటికి చెప్పినం గదా!"

అక్క నోటుబుక్కు మూసేసింది. ఇంటి వైపు నడుస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "గడియ తీసి పెట్టెటోడు ఎవడో తెలిసింది. నువ్వు ఏడ్వొద్దు" అంది.

వాకిట్లో బాపు బండికి వెదురు గంప కడుతున్నాడు. పైన కప్పిన గుడ్డ కింద నుంచి గుర్... గుర్... అది మల్లి గొంతే!

"దొంగ బాపు!" అని ఊరంతా వినబడేలా అరిచాను.

బాపు అక్కడే కూలబడ్డాడు. "షాద్‌నగర్ల నా దోస్తుకిస్తున్న బిడ్డా. ఎగిరి రాకుంట రెక్కలకు దారం కట్టి అలవాటు జేస్తున్నడు. ఒకటి తెంపుకొని రానే వచ్చె. నీకు చెప్పనీకె నోరు రాలె... గా ఇమానంల నీ అసొంటి పిల్లలుంటరు గదనే" అన్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. బాపు ఏడవడం అదే మొదటిసారి చూశాను.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. గంప విప్పి మల్లిని ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను. "నేను గూడ వస్త. నా మల్లిని నేనే ఇస్త" అన్నాను. షాద్‌నగర్ దాకా దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటూనే ఉంది.

మల్లి రెండుసార్లు తిరిగొచ్చింది. రెండుసార్లూ నేనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. మూడోసారి రాలేదు... అక్కడ పిల్లల్ని చేసిందట. ఆ మాట విని సంతోషపడాలో ఏడవాలో తెలియక, సాయంత్రం దాకా డాబా మీదే కూర్చున్నాను.

ఇప్పుడు బంతి మళ్ళు లేవు, అన్నీ ప్లాట్లే. మా పాప విమానం ఎంత కిందుగా వెళ్ళినా ఫోన్‌లోంచి తల ఎత్తదు. నాకు మాత్రం తెల్లటిది ఏది ఎగిరినా ఒక్క క్షణం మల్లే అనిపిస్తుంది...

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు నోరు రాక, చెప్పకుండా మాయం చేసినవి ఉండే ఉంటాయి. అవేంటో రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.