మొదటి వాక్యానికి టిక్కు

మా అక్క ఏళ్ళ తరబడి పిల్లలకు చదవడం నేర్పింది. అక్షరాలు కాదు, అవి బళ్ళోనే వస్తాయి. చదివినదాంట్లో అసలు సంగతేమిటో పట్టుకోవడం. పేరాలో ఒక్కో వాక్యం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇది లేకపోతే మిగతావి ఎందుకున్నట్టు?" అని అడిగేది. ఏది తీసేస్తే మిగతావన్నీ దిక్కులేనివవుతాయో అదే ముఖ్య వాక్యం. అది మొదట్లో ఉండొచ్చు, మధ్యలో ఉండొచ్చు, చివర నక్కి కూర్చోవచ్చు. చదవకుండా మాత్రం దొరకదు.

అక్క పనిచేసే కోచింగ్ సెంటరు ఓనరుకి ఆ చదవడమే గిట్టదు. పిల్లలు ఆయన్ని షార్ట్‌కట్ సారు అంటారు. ఆయనకది బిరుదు. "పేరా జోలికి పోకండి. ముఖ్య వాక్యం ఏదని అడిగితే మొదటి వాక్యానికి టిక్కు కొట్టి ముందుకు పోండి. టైము కలిసొస్తుంది!" అని మైకులో అరిచేవాడు. పాత పేపర్లలో చాలావరకు అలాగే ఉందట. అక్క క్లాసును వారానికి ఒక్కరోజుకి కుదించాడు. అదీ భోజనాలయ్యాక, అందరూ కునికిపాట్లు పడే వేళ. నాకు ఒళ్ళు మండేది. అక్క మాత్రం నోట్లో నాలుక లేనిదానిలా వెళ్ళి పాఠం చెప్పొచ్చేది.

అక్క కూతురు కూడా నర్సింగ్ సీటు కోసం అక్కడే చదివింది. అలాంటి తల్లి దగ్గర పెరిగిన పిల్లకి పేరా చదవడం రాదా? వచ్చు. కానీ హాలు నిండా పిల్లలు చకచకా టిక్కులు కొట్టి పేజీ తిప్పేస్తుంటే, తనొక్కతే చదువుతూ కూర్చోవడానికి ఎంత గుండె కావాలి!

ఈసారి పరీక్షలో చెత్త మీద పేరా వచ్చింది. సెంటరు మెట్ల కింద పాత టెస్టు పేపర్ల గుట్ట ముక్కిపోతున్నా పట్టించుకునే నాథుడు లేడు. ఆ గుట్ట దాటుకుని వెళ్ళిన పిల్లలకే ఈ పేరా! "ప్రతి ఊళ్ళోనూ చెత్త పెరిగిపోతోంది" అని మొదలవుతుంది. కొత్త లారీలు కొన్నారు, వీధికో పెద్ద డబ్బా పెట్టారు, జరిమానాలు వేశారు. ఏదీ పనిచేయలేదు. ఒక వీధివాళ్ళు మాత్రం తడి చెత్త, పొడి చెత్త ఇళ్ళల్లోనే విడదీసి, వంతులు వేసుకుని చూసుకున్నారు. వాళ్ళ వీధి బాగుపడింది. చివరి వాక్యం: "చెత్త బాధ తీరేది అందరూ కలిసి పూనుకున్నప్పుడే." సెంటరు పిల్లలు చాలామంది మొదటిదానికి టిక్కు కొట్టి వచ్చారు. అక్క కూతురూ అంతే. ఒక్క మార్కు తేడాతో సీటు పోయింది.

షార్ట్‌కట్ సారు సిగ్గుపడ్డాడా? పేపరే తప్పని పరీక్షల బోర్డు మీద ఎగిరాడు. మొదటి వాక్యమే సరైన జవాబని అభ్యంతరం రాయించాడు. దాని మీద భాష టీచరు సంతకం కావాలి. మూలన కూర్చోబెట్టిన మనిషి ఇప్పుడు గుర్తొచ్చింది! కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చాడు.

"ఒక్క సంతకం టీచరమ్మా. మీ అమ్మాయికీ సీటొస్తుంది. మీకేం నష్టం?"

"జవాబు తప్పు కదండీ," అంది అక్క.

"తప్పో ఒప్పో బోర్డు చూసుకుంటుంది. పెట్టకపోతే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

"మీ నిర్వాకానికి మా అక్క సంతకం పెట్టాలా?" అని నేను గయ్యిమన్నాను.

గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఏడుస్తూ అంది, "పెట్టమ్మా. నా కోసం పెట్టు."

అక్క ముఖం పాలిపోయింది. ప్రశ్నపత్రం తీసి కూతురి చేతికిచ్చింది. "ఒక్కసారి పైకి చదువమ్మా. ఏది సరైనదో నువ్వే చెప్పు."

పిల్ల విసురుగా మొదలుపెట్టింది. లారీలు, డబ్బాలు గడగడా దాటేసింది. ఆ వీధివాళ్ళ దగ్గర గొంతు నెమ్మదించింది. చివరి వాక్యం చదివి ఆగిపోయింది.

"ఏది?"

"ఇదేనమ్మా. చివరిది."

అక్క అభ్యంతరం కాగితం మడిచి ఆయనకిచ్చేసింది. "నేను పెట్టనండీ."

"అయితే ఇంక రాకండి," అని ఆయన లేచాడు.

నేను నోరు తెరిచేలోపే పిల్ల ఆయనకి అడ్డం వచ్చింది.

"చదివితే తెలిసేదే సార్. మీరే కదా మమ్మల్ని చదవొద్దన్నది!"