ట్రాలీ అక్క చూపించిన మాల్

మా ట్రాలీ అక్క గురించి చెప్పాలంటే ముందు ఆ మాల్ గురించి చెప్పాలి. అబ్బో, అది మాలా మహాసముద్రమా. అందులో తప్పిపోయినవాళ్ళు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, ఇప్పటికీ గేటు వెతుక్కుంటున్నారని అంటారు. అంటారంటే, నేనే అంటాను. నేలలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ ఏసీకి నోట్లో మాట గడ్డకట్టి, ఇంటికెళ్ళాక కరిగి వినబడుతుంది.

దేశం గాని దేశంలో మేమిద్దరం పనివాళ్ళం. నేను ఒక పెద్దావిడ చక్రాల కుర్చీ తోస్తాను. ఆవిడకి మాల్‌లో ఫౌంటెన్ ఎదురుగా ఉంటే తప్ప నిద్ర పట్టదు, అందుకని నా కాపురం మాల్‌లోనే. అక్క ఒక మేడమ్ గారి బాబుని ట్రాలీలో కూచోబెట్టి తోస్తుంది. మేడమ్ షాపులోకి వెళ్తుంది, అక్క ట్రాలీ పట్టుకుని బయట బెంచీ మీద కూచుంటుంది. ట్రాలీతో లోపలికి రావద్దని మేడమ్ ఆర్డరు. ఏళ్ళ తరబడి అదే పని. బెంచీలు అరిగాయో, అక్క అరిగిందో చెప్పలేం.

ఆ రోజు అక్కకి సెలవు. అక్క సెలవు తీసుకోవడం అంటే పడమట సూర్యుడు పొడవడమే. చిన్ననాటి స్నేహితురాలు టైలరమ్మ వచ్చింది మరి. ఇక్కడే ఉంటున్న తన తమ్ముడి భార్య పురిటికి సాయమొచ్చి, మర్నాడు తిరిగి ఊరికి వెళ్ళిపోతోంది. ఇద్దరూ ఒకే మాస్టారి దగ్గర కుట్టు నేర్చుకున్నారు, కలిసి షాపు పెడదామనుకున్నారు. టైలరమ్మ పెట్టేసింది. రెండో మిషను అక్క కోసం గుడ్డ కప్పి ఉంచింది. ఆ మిషను నాకివ్వమని ఇంకొకామె చెప్పులరిగేలా తిరుగుతోందట. బాబు బడికెళ్ళగానే ఊరికి పంపించేస్తానని మేడమ్ అక్కకి మాటిచ్చింది. ఈ ఏడే వాడు బడికి వెళ్ళేది. అక్క వస్తుందా రాదా, తేల్చుకుని పోదామని టైలరమ్మ మాల్ చూసే వంకతో వచ్చింది.

నేను పెద్దావిడని తోసుకుంటూ వెంటపడ్డాను. వినాలిగా.

"ఇది చల్లటి బెంచీ" అని అక్క మొదలుపెట్టింది. "ఇది కొంచెం గట్టిది గానీ, సెంటు షాపు వాసన ఊరికే వస్తుంది. అదిగో, ఆ మూలది పిల్లల్ని పడుకోబెట్టడానికి బాగుంటుంది."

"ఏమే, నేను షాపులు చూద్దామని వచ్చానా, నువ్వు కూచున్న చోట్లు చూద్దామని వచ్చానా?" అంది టైలరమ్మ.

"షాపులూ చూద్దాంలే."

"ఎప్పుడు, వాళ్ళు మూసేశాకా? ఆ చేతులేంటే, అలా ముందుకి పెట్టుకుని నడుస్తున్నావు, దెయ్యం పట్టినదానిలా?"

చూద్దును కదా, అక్క రెండు చేతులూ ట్రాలీ పట్టుకున్నట్టే గాల్లో ఉన్నాయి. గబుక్కున దించుకుంది.

"అక్కా, ఇవాళ ట్రాలీ లేదుగా, లోపలికి పద" అని నేనే ఎగదోశాను.

బట్టల షాపు గుమ్మం దాటడానికి అక్క పడ్డ పాటు చూస్తే, ఏట్లో దిగుతోందనుకుంటారు. టైలరమ్మకి అదేం లేదు. వెళ్ళడం వెళ్ళడమే ఒక గౌను పట్టుకుని లోపలి వైపు తిరగేసింది.

"చూడవే ఈ కాజా. నీ చేతి కాజా ముందు ఇది ఎలక కొరికిన చిల్లు."

అక్క ఆ గుండీ రంధ్రం చుట్టూ వేలితో తడిమింది. "దారం వదులుగా లాగారు" అని నవ్వింది. అక్కకి అన్ని పళ్ళున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. "నాకింకా చెయ్యి తిరుగుతుందంటావా?"

"తిరక్క ఏం చేస్తుంది, మొద్దుమొహమా. వచ్చి మిషను మీద కూచో. ఇంకెన్నాళ్ళు దానికి ముసుగేసి ఉంచను, కొత్త పెళ్ళికూతురిలా?"

"వస్తానే. మేడమ్ మాటిచ్చింది."

బయటికొచ్చామో లేదో, బాబు పరుగెత్తుకొచ్చి అక్క కాళ్ళు చుట్టేశాడు. వెనకే మేడమ్, ఖాళీ ట్రాలీతో. నవ్వుతూ ట్రాలీ అక్క చేతికిచ్చి, పది నిమిషాలంటూ షాపులోకి దూరింది. అక్క ఫౌంటెన్ ఎదుటి బెంచీ మీద కూచుంది.

"సెలవు కదే నీకు" అంది టైలరమ్మ.

"పది నిమిషాలేగా."

మేడమ్ పది నిమిషాల్లో మా పెద్దావిడ ఒక నిద్ర తీసి, లేచి, ఆ నిద్ర బాగోలేదని మళ్ళీ పడుకుంది. బాబు అక్క ఒళ్ళో నిద్రపోయాడు. చివరికి మేడమ్ వచ్చి సంచులు ట్రాలీకి తగిలించింది. ఒకటి జారి, లోపలివి కింద పడ్డాయి. టైలరమ్మ వంగి ఒక చిన్న చొక్కా తీసి అరచేతిలో పరుచుకుంది. చెయ్యంత కూడా లేదది. బాబు వైపు చూసింది.

"ఇది వీడికి మోచేతి దాకా కూడా రాదు. ఎవరికే ఇవి?"

మేడమ్ పొట్ట మీద చెయ్యి వేసుకుని తన భాషలో చెప్పుకుపోయింది. అక్క నేల చూస్తూ తలూపింది. మేడమ్ ఇంకేదో కొనాలని వెళ్ళిపోయింది.

"ఏమంటోంది ఆవిడ?" అని టైలరమ్మ నన్నడిగింది.

"ఇంకో బిడ్డ వస్తోందట. దాన్నీ అక్కే పెంచాలట. అక్క వీసా కాయితాలు పొడిగించమని వాళ్ళాయన అప్పుడే ఆఫీసులో చెప్పేశాడట."

"దీన్ని అడిగిందా?"

"అడగడం కాదు, చెప్పింది."

టైలరమ్మ అక్క పక్కన కూచుంది. "ఉండనని చెప్పవే."

"పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉంది" అంది అక్క, బాబు లేస్తాడని మెల్లగా. తర్వాత, "ఇంకొన్నాళ్ళు ఆగుతావా?" అంది.

"ఆగుతాలే. ఒళ్ళు జాగ్రత్త. వేళకి తిను."

బాబు ఒళ్ళో ఉన్నాడుగా, అక్క లేవలేకపోయింది. కూచునే చెయ్యూపింది. టైలరమ్మని గేటు దాకా నేనే దిగబెట్టాను. దారిలో ఏ షాపూ చూడలేదు ఆవిడ. గేటు దగ్గర ఆగి, "ఎల్లుండి నుంచి ఆ మిషను మీద ఇంకొకామె కూచుంటుంది. దానికి చెప్పకమ్మా" అంది.

నా నోట్లో నువ్వుగింజ కూడా నానదు. అయినా తిరిగొచ్చి, "నీ మాల్ భలే ఉందంది, నీ కోసం ఆగుతానంది" అని అక్కకి చెప్పాను.

అక్క బాబు మెడ కింద చెమట తుడుస్తోంది. "ఆగేదయితే తిట్టేది" అంది. "ఒక్క తిట్టు తిట్టలేదు చూశావా."