ఐదు సంతకాలు, రెండు కిలోల నెత్తళ్లు

ఎల్‌బీ నగర్‌కు మెట్రో వచ్చిన మరుసటి వేసవిలో నన్ను సీనియర్ ప్రొవిజన్స్ ఆఫీసర్‌గా దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో వేశారు. సరుకు ఓడలకు తిండి సామాను సమకూర్చే కంపెనీ మాది. సముద్రం ఎటువైపని అడిగితే విజయవాడ బస్సు ఎక్కమనే చోట, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో కూర్చుని, ఓడలవాళ్లు ఏం తినాలో మేం తేల్చేవాళ్లం. అంతకుముందు నేను హోటల్ స్టోర్సులో పనిచేసినవాణ్ని. రిటైరయ్యేదాకా ఒక్క ఓడ కూడా ఎక్కలేదు. అందువల్ల నా నిర్ణయాల మీద నాకు చాలాకాలం అనుమానం రాలేదు.

పద్ధతి ఇదీ. ఓడలో వంటవాడు సామాను జాబితా రాస్తాడు. దాన్ని ఇండెంట్ అంటాం. కెప్టెన్ సంతకం చేసి మాకు పంపుతాడు. మేం సరిచూసి, కొట్టేయాల్సినవి కొట్టేసి, ఓడ ఆగబోయే రేవులోని వర్తకుడికి పంపితే అతను సామాను ఎక్కిస్తాడు. ఓడ ఆగేది ఒక్క పూట. అక్కడ తప్పిపోయిన వస్తువు మళ్లీ మూడు నాలుగు వారాలకు గాని దొరకదు. బియ్యం, నూనె, గుడ్ల దగ్గర ఎప్పుడూ పేచీ లేదు. తగవంతా చివరి పేజీలో, 'ప్రత్యేక కోరికలు' అన్న చోట.

ఇరవై రెండు మంది ఉన్న ఒక ఓడ సంగతి చెబుతాను. ఫిలిప్పీన్స్ వాళ్లకు ఉప్పులో మగ్గబెట్టిన రొయ్యల ముద్ద కావాలి. ఉక్రెయిన్ ఇంజనీర్లకు ఉప్పు పట్టించిన పచ్చి పందికొవ్వు కావాలి. నార్వే కెప్టెన్‌కు ఉప్పగా ఉండే నల్ల బిళ్లలు కావాలి. చిన్నప్పుడు అలవాటు కాకపోతే వాటిని ఎవరూ నోట పెట్టలేరట. గుజరాతీ సెకండ్ ఆఫీసర్‌కు ఇంగువ కావాలి. ప్రతివాడికీ తనది తిండి, పక్కవాడిది కంపు. భోజనాల గదిలో ముక్కు మూసుకోవలసి వస్తోందని, అందరి మీదా అందరూ మాకు ఫిర్యాదులు రాసేవారు.

నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ప్రత్యేక కోరిక ఏదైనా సరే, 'ఈ వస్తువును నేను తింటానని ధ్రువీకరిస్తున్నాను' అన్న వాక్యం కింద ఐదుగురు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ వస్తువు రాదు. వాక్యం నేనే రాశాను. మా మేనేజరు మెచ్చుకుని అన్ని ఓడలకూ పంపించాడు.

తర్వాతి ఇండెంట్‌లో రొయ్యల ముద్దా ఉంది, పందికొవ్వూ ఉంది, బిళ్లలూ ఉన్నాయి. అన్నిటికీ ఐదేసి సంతకాలు! ఉల్లిపాయ కూడా ముట్టని ఆ గుజరాతీ మహానుభావుడు పందికొవ్వు తింటానని సంతకం పెట్టాడు. ఇంగువకు ఐదో సంతకం దొరకాలి మరి. కార్పొరేటర్ ఎన్నికల్లో కూడా ఇంత చక్కటి సర్దుబాటు నేను చూడలేదు. ఒకే ఒక్క వస్తువుకు ఒకే సంతకం ఉంది. ఎండు నెత్తళ్లు, అంటే వేలెడేసి ఎండుచేపలు, రెండు కిలోలు. నిబంధన నిబంధనే కదా, ఎర్ర గీత పెట్టి కొట్టేశాను.

నెల తిరక్కుండా కెప్టెన్ లేఖ వచ్చింది. ఇంజన్ గదిలో పనిచేసే సింహాచలం అనే ఆయిలర్ సరిగా తినడం లేదు, చిక్కిపోయాడు, ఇలాగే ఉంటే తర్వాతి రేవులో దింపి ఇంటికి పంపేస్తాను అని. మధ్యలో 'అన్‌ఫిట్' అని దింపేసిన మనిషికి ఇంకో కంపెనీ అంత తేలిగ్గా పని ఇవ్వదు. నెత్తళ్లు అడిగింది ఈ శ్రీకాకుళం మనిషే. ఓడలో తెలుగువాడు అతనొక్కడే.

ఫోన్ చేసి, అందరిలా నువ్వూ నాలుగు సంతకాలు ఇచ్చిపుచ్చుకోవచ్చు కదయ్యా అని కసిరాను.

"నాను తిననిదాన్ని తింతానని ఎలా రాసీమంటారు బాబూ? రేపు ఎవులైనా అడిగితే ఏటి సెప్పాలి?" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. పక్క సీటులో ఉన్న స్వరూప అంతా విన్నది. పోచంపల్లి నేతపనివాళ్ల ఇంటి పిల్ల, మొహమాటం తెలియదు.

"సార్, గా కాయితం రాసింది మీరే. దాన్ని మంచిగ చదివినోడు ఆయనొక్కడే. ఆయనదే కొట్టేసిండ్రు. ఏంది సార్ గిది?" అన్నది.

నాకు ఒళ్లు మండింది. మండింది ఆమె మీద కాదని ఒప్పుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది. ఆ ఓడలో చేరబోయే ఎలక్ట్రీషియన్ ఒకతను మూడు రోజుల్లో శంషాబాద్‌లో విమానం ఎక్కుతున్నాడు. అతని చేత పంపుదామని మార్కెట్‌లో రెండు కిలోల నెత్తళ్లు కొని, ఎల్‌బీ నగర్‌లోని మా ఫ్లాట్‌కు తెచ్చాను. పంపే కాగితం మీద 'రెండు కిలోలు' అని రాసి సంతకం చేశాను.

మాది నల్గొండ వైపు. ఎండుచేపలంటే మా ఆవిడకూ నాకూ ప్రాణం. "జర పావుకిలో తీస్తే ఏమైతది? గంత పెద్ద ఓడల ఎవడు తూకమేస్తడు?" అన్నది ఆవిడ. నేను కాదనలేదు. తలుపులన్నీ మూసి వేయించుకుని తిన్నాం.

గంటలో కాలింగ్ బెల్ మోగింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ, గుంటూరు వైపు ఆయన, కాగితంతో నిలబడ్డాడు. "మెట్లమీద నిలబడలేకపోతున్నామండీ. ఎవరింట్లో వండారో ఏంటో! ఎండుచేపలు వండకూడదని రాశాం, మీరూ ఓ సంతకం పడెయ్యండి" అన్నాడు. అప్పటికి పదకొండు సంతకాలున్నాయి. పన్నెండోది నేను పెట్టాను, మూతి తుడుచుకుని మరీ.

పార్సిల్ వెళ్లింది. సింహాచలం తినడం మొదలుపెట్టాడు, కెప్టెన్ అతన్ని దింపే మాట మానుకున్నాడు. పది రోజులకు ఆ కాగితమే రసీదుగా తిరిగొచ్చింది. నేను రాసిన 'రెండు కిలోలు' కొట్టేసి ఉంది. పక్కన తెలుగులో, 'తూకం వేశాను. కిలో ముప్పావు అందినది. సింహాచలం.'

సిగ్గేసింది. తూకంలో తేడా వస్తే పంపినవాడు కారణం రాసి ఫైలులో పెట్టాలన్నది మా ఆఫీసు రూలు. ప్రయాణంలో తరుగు అని రాస్తే అడిగేవాడు లేడు. 'పావుకిలో మా ఇంట్లో వండుకున్నాం' అని రాసి సంతకం చేశాను. స్వరూప చదివి ఫైలులో పెట్టింది. ఐదు సంతకాల నిబంధన ఎత్తేయమని ఆ రోజే మేనేజరుకు రాశాను. నిబంధన పోయింది గాని, ఓడల్లో సంతకాలు పోగుచేసే అలవాటు పోలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక్క సంతకమే ఉన్న కోరికను నేను కొట్టేయలేదు. ఐదు సంతకాలున్నదాన్ని మాత్రం ఓడకు ఫోన్ చేసి అడగకుండా పంపలేదు.