రాతికి పెట్టిన బొట్టు

అమెరికాలో, మా హెర్న్‌డన్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా మెక్సికో ట్రిప్ కబుర్లే. రిసార్టు, సముద్రం, ఫొటోలు. నాకు ఆ గోల పడదు. పాత గుళ్లు చూద్దామని పట్టుబట్టి, మాయా శిథిలాలున్న ఒక చిన్న ఊరికి మావారిని లాక్కెళ్లాను.

ఒక వీధి, ఒక చర్చి, మొక్కజొన్న రొట్టెలు కాల్చే ఆడవాళ్లు. ఊరంటే అంతే. శిథిలాల దగ్గర మిట్టమధ్యాహ్నం మేమూ, మా కారు డ్రైవరూ, కాపలా ఉన్న ఒక పెద్దాయనా తప్ప ఎవరూ లేరు. ఒక గోడ మీద స్త్రీమూర్తి చెక్కి ఉంది, ముందు తాడు కట్టారు. నేను చెప్పులు విప్పి దండం పెట్టడం చూసి కాపలా పెద్దాయన నవ్వాడు. తాడు పైకెత్తి, దగ్గరికెళ్లి చూడమని సైగ చేశాడు. తన గుండె మీద చెయ్యి వేసుకుని ఆ రాతిని చూపించాడు, మా వాళ్లదే అన్నట్టు.

హ్యాండ్‌బ్యాగ్‌లో గుడి కుంకుమ పొట్లం నాకెప్పుడూ ఉంటుంది. రాతిలో అమ్మవారి ముఖం కనిపిస్తే చెయ్యి ఆగుతుందా? నుదుట ఇంత బొట్టు పెట్టేశాను.

"ఏయ్, ఏం చేశావ్! ఇదేమన్నా మన గుడా?" అన్నారు మావారు.

కంగారులో టిష్యూ తడిపి తుడిచాను. నా చెయ్యి విరగ! ఎరుపు ముఖమంతా పాకి రాతి గరుకులోకి దిగిపోయింది. పెద్దాయన నవ్వు ఆగిపోయింది. అంతలో ఆయన పైఅధికారి వచ్చి, ఎవరు చేశారని ఇంగ్లీషులో గద్దించాడు.

"నోరెత్తకు. కేస్ అయిందంటే మన వీసాలు గోవిందా. మళ్లీ అమెరికాలోకి రానివ్వరు," అన్నారు మావారు తెలుగులో.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అంతటితో ఆగానా? నా నుదుటి కుంకుమ కనబడకుండా టోపీ కిందికి లాక్కున్నాను. అది పెద్దాయన చూశాడు. నావైపు ఒక్క క్షణం చూసి, అధికారితో వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. అధికారి ఆయన మెడలోని కార్డు తీసేసుకున్నాడు.

పెద్దాయన ఏమన్నాడని మా డ్రైవర్ని అడిగాను. అతనికి కాస్త ఇంగ్లీషు వచ్చు.

"నిద్రపోయాను, ఎవరొచ్చారో చూళ్లేదు అన్నాడు మేడమ్. ఉద్యోగం పోయింది."

కారులో మావారు, "తాడు ఎత్తింది ఆయనే కదా, రూల్ బ్రేక్ చేసింది ఆయనే," అన్నారు. సిగ్గులేకుండా నేనూ తలూపాను.

కొంత దూరం వెళ్లాక ఆ పెద్దాయనే రోడ్డు పక్కన ఆ ఎండలో నడుచుకుంటూ కనిపించాడు. డ్రైవర్ కారు స్లో చేసి, ఊళ్లో దింపుదామా అని నన్నడిగాడు. ఆ ముఖం మళ్లీ చూడలేననిపించింది.

"వద్దు, ఫ్లైట్‌కి టైమైపోతోంది," అన్నాను.

మా ఫ్లైట్ మర్నాడు సాయంత్రం.