పాత మిషన్ మీద ఇద్దరి రాకెట్లు

టెన్నిస్ స్టేడియం మెట్ల కింద, పంపుల గదికీ బంతుల డబ్బాలు పెట్టే గదికీ మధ్య ఇంకో పొడవాటి గది ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె అక్కడే రాకెట్లకు తీగలు కడుతోంది. ఆటగాళ్ళంతా అక్కా అంటారు. ఇప్పుడు కోచ్‌లుగా వస్తున్న వాళ్ళలో కొందరు ఒకప్పుడు అక్కా అంటూ ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్ళే. ఆమెకు యాభై ఆరేళ్ళొచ్చాయి. తీగ లాగీ లాగీ కుడి చూపుడు వేలు చెప్పుతోలంత గట్టిగా కాయ కాసింది. ఆ వేలుంటే వేడి గిన్నె దించడానికి గుడ్డ అక్కర్లేదని ఆమె భర్త నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు.

తండ్రికి ఆటసామాన్ల దుకాణం ఉండేది. పదమూడో ఏట ఆయన పక్కన నిలబడి ఆమె కట్టిన మొదటి రాకెట్, మర్నాటికల్లా చట్రం విరిగి తిరిగొచ్చింది. "తీగలు బాగానే ఉన్నాయి, రాకెట్టే తట్టుకోలేకపోయింది" అని ఆయన కొన్నవాడికి సర్దిచెప్పి, కూతురికి ఇంకోటి చేతికిచ్చాడు. ఆ రోజు నుంచీ ఆమెకు ఈ పని మీద విసుగన్నది పుట్టలేదు. పదహారు నిలువు తీగలు, పంతొమ్మిది అడ్డ తీగలు, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ మెట్ల మొదటి వరస ఎత్తున ఉంటుంది. అందులోంచి ఆటగాళ్ళు కనిపించరు, చూడవచ్చిన వాళ్ళ చెప్పులూ బూట్లూ మాత్రం కనిపిస్తాయి. కాళ్ళు కదలకుండా బిగుసుకుపోతే పైన ఆట రసకందాయంలో ఉందని ఆమెకు అర్థమయ్యేది.

గదిలో మూడు మిషన్లున్నాయి. రెండు కొత్తవి, నంబరు నొక్కితే కరెంటుతో వాటంతటవే లాగుతాయి. మూడోది చేత్తో తిప్పే పాతది. దాని పక్కన గుండ్రటి మీట ఒకటి ఉంటుంది. తీగల బిగువు ఎన్ని కిలోలుండాలో ఆ మీట తిప్పి పెట్టుకోవాలి. ఈ పాత మిషన్ మీద అక్క కడితే తప్ప రాకెట్ పట్టనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు కట్టించుకుంటున్నాడు కాబట్టి రెండోవాడూ కట్టించుకుంటున్నాడు. ఎవడు ముందు మొదలుపెట్టాడో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు, ఇద్దరూ నేనే అంటారు.

బల్ల దగ్గర కూర్చుని రాకెట్లు తీసుకుని చీటీలు రాసే పెద్దాయన వాళ్ళకు పేర్లు పెట్టాడు. పొడుగాటివాడు నిచ్చెన. ఎడమచేత్తో ఆడేవాడు పుర్రచెయ్యి. పదహారో ఏట నుంచీ ఆరేళ్ళు ఇద్దరూ జోడీగా ఆడారు, ఒకే గదిలో పడుకున్నారు, ఒకే సబ్బు వాడారు. తరవాత ఎవరి ఆట వాళ్ళు మొదలుపెట్టారు. మొదటిసారి ఎదురెదురుగా ఆడిన రోజున మూడో సెట్టులో పుర్రచెయ్యి తొడ పట్టేసిందని డాక్టరును పిలిపించుకుని పది నిమిషాలు కూర్చున్నాడు, లేచి గెలిచాడు. "ఓడిపోయేటప్పుడే వాడికి కుంటు వస్తుంది" అన్నాడు నిచ్చెన విలేకర్లతో. "ఆరేళ్ళు ఎవడు ఎవణ్ణి మోశాడో నా భుజాల్ని అడగండి" అన్నాడు పుర్రచెయ్యి. అంతే. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఆట అయ్యాక వల దగ్గర చేతులు కలపాలి కాబట్టి, ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూసినట్టు వేళ్ళు అలా తాకించి లాగేసుకుంటారు.

ఈ ఇద్దరి చీటీల మీద మాత్రం బిగువు గడి ఖాళీగా ఉంటుంది. ఒకడి నంబరు ఇంకొకడి కంట పడకూడదని ఇద్దరూ విడివిడిగా వచ్చి అడిగారు. నిచ్చెనది ఇరవై ఆరు. పుర్రచెయ్యిది ఇరవై మూడు. అది అక్క బుర్రలో తప్ప ఎక్కడా లేదు. అందుకని ఆమె తనకొక పద్ధతి పెట్టుకుంది. ముందు నిచ్చెన రాకెట్లు కడుతుంది. మిషన్ తుడిచి, గదిలోంచి బయటికెళ్ళి టీ తాగుతుంది. తిరిగొచ్చి మీట తిప్పి పుర్రచెయ్యివి మొదలుపెడుతుంది. ఎంత తొందరున్నా ఆ టీ మానేది కాదు.

ఆ ఏడు సెమీఫైనల్లో ఇద్దరికీ పోటీ పడింది. ఆట మధ్యాహ్నం మూడింటికి. పొద్దున నిచ్చెన రాకెట్లు ముగించి అక్క మిషన్ తుడుస్తుండగా ఇంటినుంచి ఫోనొచ్చింది. భర్త ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. ఎంత ట్రాఫిక్కులోనూ చెమట పట్టని మనిషి, ఇంట్లో చిన్న బోల్టు ఊడితే మాత్రం చేతులెత్తేస్తాడు.

"ఏమే, ఈ బట్టల మిషన్ నీళ్ళు కక్కుతోంది."

"ఎక్కణ్ణించి?"

"అడుగునుంచి. హాల్లోకొచ్చేశాయి. నేను సోఫా ఎక్కి మాట్లాడుతున్నా."

"సోఫా ఎక్కితే ఆగుతాయా? ప్లగ్గు పీకండి."

"పీకాలంటే నీళ్ళలో దిగాలి కదే."

"అయ్యో, దిగొద్దు. మెయిన్ ఆపండి ముందు. తరవాత గోడ మీద కుళాయి కట్టండి."

"అది ఎటు తిప్పాలి?"

ఇలా నాలుగుసార్లు ఫోనొచ్చింది. నాలుగోసారికి పక్కింటావిడ వచ్చి కుళాయి కట్టేసింది. మధ్యలో చీటీలాయన "పుర్రచెయ్యి మనిషొచ్చి నిలబడ్డాడు చెల్లెమ్మా" అని తొందరపెట్టాడు. టీకి వెళ్ళడం కుదర్లేదు. ఆ హడావిడిలో మీట కూడా తిప్పకుండానే పుర్రచెయ్యి రాకెట్లు రెండూ కట్టి ఇచ్చేసింది. ఆ సంగతి ఒంటిగంటంపావుకు తెలిసింది. కొత్త మిషన్లు రెండూ ఖాళీ లేక ఎవరో అమ్మాయి ఇచ్చిన రాకెట్‌ను పాతదాని మీదికి ఎక్కించి, ఇరవై మూడు నుంచి ఇరవై నాలుగుకు జరుపుదామని మీట మీద చెయ్యి వేస్తే, అది ఇంకా ఇరవై ఆరు దగ్గరే ఉంది.

అక్క స్టూలు మీద కూర్చుంది.

"ఏమైంది చెల్లెమ్మా, మొహం అలా పెట్టావు?" అన్నాడు చీటీలాయన.

"పుర్రచెయ్యి రాకెట్లు తప్పు కట్టాను అన్నయ్యా."

ఆయన ముందు గుమ్మం వైపు చూశాడు. "ఎవరికైనా తెలుసా?"

"ఇప్పుడు మీకు తెలిసింది."

"అయితే ఎవరికీ తెలీనట్టే. కాస్త ఎక్కువో తక్కువో అయి ఉంటుంది. బంతి పొట్టిగా పడితే పొద్దున సరిగ్గా తినలేదనుకుంటాడు. ఓడిపోయినవాడికి కారణాలు కరువా?"

"నా తప్పుకి అతను ఓడిపోవాలా?"

"వాడోడితే నిచ్చెన గెలుస్తాడు. ఎవడో ఒకడు గెలవాలిగా."

చెప్పకపోతే నిజంగానే ఎవరికీ తెలియదు. చెబితే పుర్రచెయ్యి నమ్ముతాడా? ప్రపంచంలో ఇన్ని నంబర్లుండగా సరిగ్గా పగవాడి నంబరే తన రాకెట్‌కెలా పట్టిందని అడిగితే, బట్టల మిషన్ నీళ్ళు కక్కిందని చెప్పాలి. అది విన్నవాడు ఎవడైనా నవ్వుతాడు. పైగా ఎంత కట్టిందో చెప్పాలంటే నిచ్చెన నంబరు బయటపెట్టాలి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె ఒకరి నంబరు ఇంకొకరికి చెప్పి ఎరగదు. ఈ పనిలో ఆమెకున్న పేరంతా ఆ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. ఎటు కదిలినా ఏదో ఒకటి పోయేలా ఉంది. అక్క ఆ అమ్మాయి రాకెట్‌ను దించి పక్కన పెట్టి, కొంగు సర్దుకుని లేచింది.

ఆటగాళ్ళ గది గుమ్మంలో నిలబడి కబురు పంపితే పుర్రచెయ్యి అరటిపండు తింటూ వచ్చాడు, మెడలో తువ్వాలు, భుజాన సంచి.

"ఏంటక్కా, నువ్వే వచ్చావు?"

"నీ రాకెట్లు రెండూ ఇలా ఇవ్వు. తప్పు కట్టాను. రెండున్నరకల్లా మళ్ళీ కట్టి ఇస్తాను."

"తప్పంటే?"

"నీ బిగువు కాదు."

"మరెంత?"

"అది చెప్పను."

అతను నమలడం ఆపాడు. "నా రాకెట్‌కి ఎంత కట్టావో నాకే చెప్పవా?"

"చెప్పను. తప్పు నాది, ఇంకేమైనా అడుగు."

అతను సంచిలోంచి ఒక రాకెట్ బయటికి తీశాడు. తీగల్ని మణికట్టుకేసి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. అక్క అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఇది వాడిది," అన్నాడు.

ఆమె రాకెట్ కోసం చెయ్యి చాచింది.

"నువ్వేం చెప్పొద్దులే. ఆరేళ్ళు పక్కమంచం మీద కూచుని పొద్దున్నే నా చెవి దగ్గర ఇదే చప్పుడు చేసేవాడు, లేవరా అని. నాకు అలారం అక్కర్లేకపోయేది." ఇంకోసారి కొట్టి విన్నాడు. "ఇంకా దీన్నే పట్టుకుని వేలాడుతున్నాడా? మొండి వెధవ. ముప్పై ఏళ్ళు దాటాయి, ఇంత బిగువుకి ఆ భుజం ఏమైపోతుందనుకుంటున్నాడు?"

"నన్ను అనుమానించవా?" అంది అక్క.

"నిన్నా? నిన్ను కొనాలంటే ముందు వాడు నీతో మాట్లాడాలి కదా. మనుషులతో మాట్లాడ్డం వాడికెక్కడ వచ్చు?"

వద్దన్నా వినకుండా ఆమె వెంటే కిందికొచ్చి, బంతుల డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అక్క మధ్యలోంచి మొదలుపెట్టి తీగలు కత్తిరించేసింది. మీటను ఇరవై మూడు దగ్గర పెట్టి, వేలితో నొక్కి చూసి, అతన్ని కూడా చూడమంది. అలా ఎవరికీ చూపించింది లేదు. కడుతున్నంతసేపూ అతను ఆట గురించి ఎత్తలేదు. ఎందుకు పొరపాటైందో అడిగి, మొత్తం విని, "బావగారు సోఫా దిగారా లేదా?" అన్నాడు. రెండింటిలో ఒకటి అయ్యేసరికి రెండయింది, రెండోది రెండూ ఇరవై ఎనిమిదికి అతని చేతికిచ్చింది. ఒంగి వీపు నిమురుకుంటూ నిలబడ్డ అక్కను చూసి చీటీలాయన ఆ రోజు మొదటిసారి తనే వెళ్ళి టీ తెచ్చాడు.

కిటికీలో కాళ్ళు రెండున్నర గంటలపాటు కదల్లేదు. మూడో సెట్టులో పుర్రచెయ్యి ఓడిపోయాడు. తన సొంత బిగువుతో, తన సొంత తప్పులతో ఓడిపోయాడని అక్కకు తెలుసు. జాలేసింది గానీ మనసు బరువెక్కలేదు. ఇంటికెళ్ళి భర్త ఆరబెట్టిన కాలిపట్టాలు లెక్కచూసి, కుళాయి ఎటు తిప్పాలో చూపించి, హాయిగా నిద్రపోయింది.

అయితే సగం పని మిగిలింది. మర్నాడు పొద్దున నిచ్చెన ఫైనల్‌కు రాకెట్లు తెచ్చాడు. తలుపు చట్రానికి తల తగలకుండా వంగి లోపలికొచ్చి, అలవాటుగా బల్ల మీద పెట్టాడు.

"ఆగు. నీకొక మాట చెప్పాలి," అంది అక్క. "విన్నాక ఇష్టం లేకపోతే ఆ కొత్త మిషన్ మీద కట్టించుకో, నేనేమీ అనుకోను. నీ నంబరు పుర్రచెయ్యికి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. కానీ నా పొరపాటు వల్లే తెలిసింది."

"ఎప్పుడు?"

"నిన్న, ఆటకు ముందు." జరిగింది జరిగినట్టు చెప్పింది.

అతను చాలాసేపు బల్ల అంచు గోటితో గీకాడు.

"వాడికి తెలియకేమక్కా," అన్నాడు చివరికి. "పదిహేడేళ్ళప్పుడు నా బంతులన్నీ గీత దాటిపోయేవి. ఇరవై ఆరుకి బిగించి చూడరా అన్నది వాడే."

"మరి ఇన్నేళ్ళూ దాచమన్నావెందుకు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకా అదే వాడుతున్నానని వాడికి తెలియకూడదని."

చీటీలాయన దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. అక్క నవ్వాపుకోలేదు.

"చప్పుడు విని ఏమన్నాడు?"

"మొండి వెధవ అన్నాడు."

"అంటాడు."

"ఆ భుజం ఏమైపోతుందనుకుంటున్నాడని కూడా అన్నాడు."

నిచ్చెన రాకెట్లు ఆమె వైపు జరిపాడు, కొత్త మిషన్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా. గుమ్మం దాకా వెళ్ళి, తల వంచి, అక్కడే ఆగాడు.

"అక్కా, అరకిలో తగ్గించు. వాడన్నాడని కాదు."

"కాదులే," అంది అక్క, మొదటి రాకెట్ అందుకుంటూ.