రెండు యూనిఫారాల పిన్ని

పిన్ని ఒకదాని మీద ఒకటి రెండు యూనిఫారాలు తొడుక్కునేది. లోపల ఆస్పత్రి నీలం, పైన వృద్ధాశ్రమం తెలుపు. ఎండలు మండిపోతున్నా అంతే. పొద్దున వృద్ధాశ్రమంలో పని ముగించి బస్సెక్కేది. ఆస్పత్రి స్టాపు వచ్చేలోపు తెల్లకోటు విప్పి సంచిలో కుక్కి, నీలంగా దిగేది.

"అమ్మా, ఎక్కినావిడా దిగుతున్నావిడా ఒకరేనా?" అని ఒకరోజు కండక్టరు అడిగాడు.

"ఒకరే నాయనా. టికెట్టు ఒకటే తీసుకున్నాగా" అంది పిన్ని.

బస్సులో పొర ఒలవడం ఎవరో చూసినట్టున్నారు, వార్డులో ఆమెకు ఉల్లిపాయ సిస్టర్ అని పేరు పడింది. పిన్నికి ఆ సంగతి తెలుసు. "నయం, వెల్లుల్లి అనలేదు" అనేది.

ఈ వేషం వెనక ఒక లెక్క ఉంది. ఆస్పత్రిలో వారానికి ముప్పై గంటలు పనిచేస్తేనే ఆరోగ్య బీమా నిలుస్తుంది. కానీ ఆ ముప్పై గంటల జీతంతో ఇల్లు గడవదు. వృద్ధాశ్రమం జీతంతో గడుస్తుంది, అక్కడ బీమా లేదు. పైగా మంచాలు ఖాళీ అయినప్పుడల్లా ఇన్‌ఛార్జి సిస్టర్ "ఈ పూటకి ఇంటికెళ్ళు" అనేది. దాంతో పిన్ని గంటల మీద దండయాత్రకు బయలుదేరేది.

"ఆదివారం మీకు పెళ్ళి గానీ ఉందా? పోనీ, తలనొప్పి? ఏదైనా సరే, మీ షిఫ్టు నాకిచ్చేయండి."

ఏడో మంచం తాతని ఇంటికి పంపేస్తున్నారంటే పిన్ని మొహం వాడిపోయేది. "ఒక్కసారి దగ్గండి తాతగారూ, చూద్దాం."

"నాకు తగ్గితే నీకెందుకమ్మా అంత దిగులు?"

అదే వార్డులో నాలుగు నెలల క్రితం ఒక అమ్మాయి నర్సుగా చేరింది. తల్లి పోయాక పదేళ్ళ వయసు నుంచి ఆ అమ్మాయిని పెంచింది పిన్నే. ఉల్లిపాయ అన్న మాట వినబడినప్పుడల్లా అమ్మాయి చెవులు కాలిపోయేవి. ఒకరోజు క్యాంటీన్‌లో తోటి నర్సు అడగనే అడిగింది.

"ఉల్లిపాయ మీకు చుట్టమా ఏంటి? నిన్న డ్యూటీ దిగి ఇద్దరూ కలిసి వెళ్ళారు."

"అబ్బే, మా వీధిలో ఉంటారంతే."

మాట నోరు దాటాక చూస్తే, వెనకాలే ట్రే పట్టుకుని పిన్ని. అమ్మాయి గబుక్కున తల దించుకుని అన్నం కలిపింది. పిన్ని మాత్రం రెప్ప వేయకుండా, "అవునండీ, ఒకటే వీధి. నీళ్ళు సరిగ్గా రావు" అని చెప్పి వేరే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో "ఏమే" అన్న పిన్ని ఆస్పత్రిలో "ఏమండీ సిస్టర్ గారూ" అనడం మొదలుపెట్టింది. ఆ 'గారు' విన్న ప్రతిసారీ అమ్మాయికి అన్నం సయించేది కాదు. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఒక వారం పిన్నికి ఇరవై ఆరు గంటలే దొరికాయి.

"ఆదివారం నీ షిఫ్టు నాకిస్తావేమే?" అని శుక్రవారం ఇంట్లో అడిగింది.

అమ్మాయి ఇవ్వొచ్చు. కానీ వీధిలో ఉండే ఆవిడకు షిఫ్టు ఎందుకిచ్చావని వార్డులో అడిగితే?

"కుదరదు పిన్నీ" అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"పోనీలే" అని పిన్ని రేపటి యూనిఫారాలు రెండూ ఇస్త్రీ చేసుకుంది.

మర్నాడు అమ్మాయి తన ఆయాసానికి వాడే పీల్చే మందు కోసం ఆస్పత్రి మందుల కౌంటరుకు వెళ్ళింది. కౌంటరాయన ఆమె బీమా కార్డు కంప్యూటర్లో చూసి, "రెండు తీసుకెళ్ళండమ్మా. గంటలు తగ్గాయి, వచ్చే వారం ఇది చెల్లకపోవచ్చు" అన్నాడు.

"నావి తగ్గలేదండీ. వారానికి నలభై చేస్తున్నాను."

"మీవి కాదమ్మా. కొత్తవాళ్ళకు ఆరు నెలల దాకా బీమా ఎక్కడుంది? మీరు మీ పిన్నిగారి బీమాలో ఉన్నారు. పెంపుడు కూతురని రాసుంది."

ఉద్యోగంలో చేరిన రోజున పిన్ని ఈ కార్డు చేతిలో పెట్టి, "ఆస్పత్రివాళ్ళు ఇచ్చారే" అంది. అమ్మాయి తనకే ఇచ్చారనుకుంది.

మందు చేత్తో పట్టుకునే వార్డుకు నడిచింది. ఇన్‌ఛార్జి సిస్టర్ చుట్టూ నలుగురు నర్సులున్నారు, పిన్ని కూడా ఉంది.

"సిస్టర్, రేపటి నా షిఫ్టు మా పిన్నికి వేయండి."

"ఎవరికి?"

"ఈవిడకే. మా పిన్ని. నన్ను పెంచింది."

అందరూ పిన్ని వైపు తిరిగారు. పిన్ని చూపు మందు మీద పడింది.

"ఆ కౌంటరాయనకి నోరాగదు."

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్తే మందు మానేస్తావని. నీ సంగతి నాకు తెలీదూ? కళ్ళజోడు పగిలితే నాకు ఖర్చని రెండు నెలలు పుస్తకం ముక్కుకి ఆనించి చదివిన మొహం నువ్వు."

"నువ్వు మాత్రం తక్కువా? నేనంత మాట అన్నా ఒక్క తిట్టు తిట్టలేదు."

"ఆస్పత్రిలో ఎలా తిట్టనే? సిస్టర్ గారివైపోయావుగా."

"తిట్టు మరి, ఇప్పుడు తిట్టు."

పిన్ని తిట్టింది. నాలుగు నెలల బాకీ కలిపి తిట్టింది. అమ్మాయి ఏడుస్తూనే మాటకు మాట అంది. అంత దర్జాగా తిట్టుకునేవాళ్ళు ఏమవుతారని వార్డులో ఇక ఎవరూ అడగలేదు.

"పిన్నీ కూతుళ్ళిద్దరూ బయటికి పోయి తిట్టుకోండి, ఇక్కడ రోగులున్నారు" అంటూ ఇన్‌ఛార్జి సిస్టర్ డ్యూటీ పట్టికలో ఆదివారం గడిలో పేరు మార్చింది.

ఇద్దరూ కారిడార్‌లోకి వెళ్ళి ఇంకో పావుగంట తిట్టుకున్నారు. కాసేపటికి పిన్ని ఒక్కతే లోపలికి వచ్చి, ఆ పావుగంట కూడా డ్యూటీ కిందే రాయమని ఇన్‌ఛార్జి సిస్టర్‌ని బతిమాలింది.